తొమ్మిదో గుండుసూది

మెట్ల కింద ఆమె శవం. మెడ విరిగింది. కుడి గుప్పిట బిగుసుకుపోయింది. విప్పి చూస్తే ఎర్ర తల గుండుసూది.

చావు అర్ధరాత్రికి అటూ ఇటూ, అన్నాడు డాక్టరు.

ఇంట్లో ఉన్నది వంటామె ఒక్కతే. ఇంకేం కావాలి? పట్టుకెళ్లారు. చనిపోయినామె భర్త పెద్ద ఉద్యోగి. ఆ మధ్యాహ్నం మూడింటికే విమానం ఎక్కాడని టికెట్ చెబుతోంది, పాస్‌పోర్ట్ చెబుతోంది. ఉన్నవాడి తరఫున కాగితం మాట్లాడితే చాలు. లేనిదాని ఏడుపుక్కూడా సాక్షి కావాలి.

ఇన్‌స్పెక్టరమ్మకు మాత్రం పై గదిలోని అట్ట గ్లోబు వదల్లేదు. ఫ్యాను గాలికి కిర్రుకిర్రుమంటూ దానంతటదే తిరుగుతోంది. ఇక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచి అవతలి ఎయిర్‌పోర్ట్ దాకా బిగించిన దారం. దారం వెంట ఎనిమిది ఎర్ర సూదులు. ఇంటికెళ్లి పడుకున్నా ఆ కిర్రు చెవుల్లోనే.

"సూదులేంటి?" అని వంటామెను అడిగింది.

"అయ్యగారు ఎప్పుడు విమానమెక్కినా అంతేనమ్మా. అమ్మగారు పదమూడు వేల కిలోమీటర్లు, పదిహేను గంటలు అని లెక్కేసుకుని గంటకో సూది గుచ్చేది. 'ఇదిగో, ఇప్పుడిక్కడున్నాడు' అనేది. 'మీరు గుచ్చకపోతే విమానం ఆగిపోతుందా, పడుకోండమ్మా' అనేదాన్ని." వంటామె వాచిన చెంప తడుముకుంది. "నన్ను వదిలేస్తారా?"

"దొరికినదాన్ని వదిలి గ్లోబు పట్టుకు వేలాడతారేంటి మేడమ్?" కానిస్టేబుల్ నవ్వాడు. "రేపు కోర్టుకి పంపేద్దాం."

"రేపటిదాకా టైముందిగా. నోరు మూసుకో."

కబురందగానే తిరిగొచ్చానన్న భర్తను ఆ గదిలోనే కూర్చోబెట్టింది. పక్కన అచ్చుగుద్దినట్టున్న తమ్ముడు. గుమ్మం దగ్గర వంటామె.

"వెళ్లేటప్పుడు ప్రయాణం ఎలా సాగింది సార్?"

"నిద్రే పట్టలేదు. రాత్రంతా కిటికీ పక్కనే. కింద సముద్రం, పైన చుక్కలు. మనసు కీడు శంకిస్తూనే ఉంది."

"ఎటుగా వెళ్లింది?"

"తూర్పుగా. మ్యాపు చూడండి, గీత గీసినట్టు."

"మీరు గోడ మీద మ్యాపు చూశారు. మీ ఆవిడ గ్లోబు మీద దారం లాగింది. భూమి గుండ్రం కదా సార్. దగ్గరి దారి ఉత్తరాన మంచు మీదుగా. ఆ రోజూ అటే వెళ్లిందని విమానం వాళ్లు చెప్పారు. ఇది జూన్. ఈ నెలలో అక్కడ పొద్దు గుంకదు. వెలుతురులో లేచిన విమానం వెలుతురులోనే దిగింది. మీ చుక్కలెక్కడివి?"

అతని చూపు తమ్ముడి వైపు పోయింది.

ఇన్‌స్పెక్టరమ్మా అటే తిరిగింది. "అక్కడ విమానం దిగాక పాస్‌పోర్ట్ చూసే చోట తీసిన వేలిముద్రలు రేపొస్తాయి. ఎవరివి?"

తమ్ముడు చేతులు జోడించాడు. "తన పాస్‌పోర్ట్ మీద వెళ్లి రమ్మన్నాడు. వదినని చంపుతాడని తెలీదు మేడమ్! చుక్కల్లేవు అన్నయ్యా. నువ్వడగలేదు, నేను చెప్పలేదు. అసలు చీకటే పడలేదు."

"విడాకులివ్వనంది," అన్నాడు భర్త. "ఎంత చెప్పినా వదలనంది."

వంటామెను పంపేశారు. కొట్టినందుకు తప్పయిందని ఒక్కడూ అనలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ ఆ గదిలో ఒంటరిగా మిగిలింది. ఆ అర్ధరాత్రి అతని భార్య తొమ్మిదో సూది పట్టుకుని ఇక్కడే నిలబడింది, మొగుణ్ణి మంచు దాటించడానికి. మెట్ల మీద అలికిడికి వెళ్లి చూసింది. ఆకాశంలో ఉండాల్సినవాడు ఎదురుగా నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరమ్మ గ్లోబును వేలితో ఆపింది. తొమ్మిదో సూది గుచ్చాల్సింది మంచు మీద కాదు. ఇక్కడ, ఈ ఇంటి మీద.

వేలు తీసింది. కిర్రుమని మళ్లీ తిరిగింది.