దూలానికి కట్టిన పెద్ద ఫిడేలు

నేను పిరికివాణ్ణి. ముందే చెప్పేస్తే మీరు కనిపెట్టి నవ్వుకునే పని తప్పుతుంది. బల్లి అంటే భయం, బస్సు టాపు మీద ప్రయాణమంటే భయం, నీళ్లంటే మరీ భయం. అలాంటి నేను పడవెక్కి మరీ ప్రేమించాల్సి వచ్చింది.

గుడివాడలో హార్మోనియంలు, వయొలిన్లు బాగుచేసే షాపు మాది. బోర్డు మీద ఇప్పటికీ మా తాత సత్యవేదం గారి పేరే ఉంటుంది. 2001లో, సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం పూట ఒకమ్మాయి వచ్చి కౌంటర్ మీద ఫొటో పెట్టింది. ఇది ఏ దేశందో, ఎన్నేళ్లదో చెప్పాలంది. చీకటి గదిలో దూలానికి వేలాడుతున్న వయొలిన్ కనిపించింది. నేను తలెత్తకుండానే, పాత వయొలిన్, తీసుకొస్తే సాయంత్రానికల్లా చెప్తానన్నాను.

"తీసుకురావాలంటే ఇద్దరు మొయ్యాలండి. ఆ పక్కన కనిపిస్తున్నది మా వీధి తలుపు."

మళ్లీ చూశాను. నిజమే, తలుపంత ఎత్తుంది. అది డబుల్ బాస్, నిలబడి వాయించే పెద్ద ఫిడేలు. తప్పు ఒప్పుకుందామని తలెత్తితే ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. ఆ తరవాత ఫొటో వైపు చూడటం నావల్ల కాలేదు.

ఆమె పేరు వీరదుర్గ. నాగాయలంకలో ఎస్టీడీ బూత్‌లో పని. ఇల్లు మాత్రం కృష్ణ పాయ అవతల ఎదురుమొండి లంకలో. పడవలో పాయ దాటి రావాలంది. నా మొహం చూసి ఏమనుకుందో, "పడవ మునగదండీ, రోజూ నేనే వస్తున్నాగా" అంది.

ఆ ఆదివారం పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చెప్పుకుంటూ లంక చేరాను. దుర్గ వాళ్ల నాయనమ్మ వీరమ్మ గారు వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్నారు. నన్ను లోపలికి పంపారు కానీ తను గడప దాటలేదు.

ఫిడేలు పాత తెరచాప గుడ్డ కప్పుకుని వేలాడుతోంది. నాలుగు తీగల్లో రెండే మిగిలాయి. నేను గుడ్డ తియ్యగానే కిటికీలోంచి తూర్పుగాలి కొట్టింది. ఆ రెండు తీగలూ సన్నగా మూలిగాయి. నేను రెండడుగులు వెనక్కి గెంతి దుర్గ కాలు తొక్కాను.

"గాలి మారితే అంతేనండి. నవంబరొస్తే మా నాయనమ్మ ఈ గదిలో నిద్రపోదు," అంది దుర్గ, కాలు రుద్దుకుంటూ.

సంగతంతా వీరమ్మ గారు వాకిట్లోంచే చెప్పారు. డెబ్భై ఏడు ఉప్పెనలో కొడుకూ కోడలూ పోయారు. ఏడాది పిల్ల దుర్గని చంకనేసుకుని ఆవిడ ఈ ఫిడేలు పట్టుకుని తేలారు. మర్నాడు నీళ్లు తీశాక ఇది బురదలో ఉంది, వీళ్లిద్దరూ బతికి ఉన్నారు. ఎవరిదో తెలియదు. ఇన్నేళ్లూ ఎవరూ రాలేదు. ఇది దాని మనుషుల్ని చేరేదాకా ఈ ఇంట్లో శుభకార్యం చెయ్యనని ఆవిడ పట్టు. బంటుమిల్లిలో రొయ్యల చెరువులున్న వాసు, దుర్గకి వరసకి బావ, మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఇది ఎక్కడిదో తేలితే చాలు, మాఘంలో లగ్గం పెట్టేస్తారట.

అంటే నేను నా పని సరిగ్గా చేస్తే దుర్గకి పెళ్లైపోతుంది. ఈ ముక్క అర్థమయ్యాక చేతిలో టార్చి బరువెక్కింది.

అయినా చూడక తప్పలేదు. ముందు చెక్క సన్నని నిలువు గీతలున్న చలిదేశపు కలప. వెనక చెక్క బల్లపరుపుగా ఉంది. తీగలు బిగించే మరల పళ్లు అరిగిపోయాయి. వందేళ్లకి అటూ ఇటూ ఉండొచ్చు. లోపల చేసినవాళ్ల పేరు చీటీ ఉండాల్సిన చోట జిగురు మరకే ఉంది, చీటీని ఉప్పునీళ్లు తినేశాయి. ఇంకా చూడాలని చెప్పి వచ్చేశాను. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆ పై ఆదివారం కూడా వెళ్లాను. మధ్యలో బూత్ నుంచి షాపుకి ఫోన్లు. తేలిందా అని ఆమె, ఇంకా లేదండీ అని నేను. ఆ రెండు మాటలకి పది నిమిషాలు పట్టేది.

మూడో ఆదివారం దుర్గ టార్చి పట్టుకుంటే నేను పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దాన్ని పుల్లకి కట్టి లోపలికి పోనిచ్చాను. పగులు మీద పనస చెక్క అతుకు కనిపించింది. చింతగింజల జిగురు. దాని పక్కన, అద్దంలో తప్ప ఎవరికీ కనపడని చోట, తిరగేసి రాసిన పెన్సిల్ అక్షరాలు. సత్యవేదం, 1958.

మా తాతకి అదొక అలవాటు. బాగుచేసిన ప్రతి వాయిద్యంలోనూ అద్దంలోనే చదవగలిగేలా సంతకం పెట్టేవాడు. ఎవరిదో, ఎక్కడిదో, చీటీ మీద ఏముందో నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఆ నోటుబుక్కులన్నీ మా అటక మీదే ఉన్నాయి.

దుర్గ చేతిలో టార్చి వెలుగు కాస్త వణికింది.

"ఏమన్నా ఉందాండీ?" అంది దుర్గ.

"ఏం లేదండి," అన్నాను.

నెల రోజులు అటక వైపు చూడలేదు. సిగ్గుగా ఉండేది. ఒక పెద్దావిడ భయాన్ని అడ్డం పెట్టుకుని ఆదివారాలు సంపాదించుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. ఆదివారం రాగానే మళ్లీ పడవెక్కేవాణ్ణి.

నవంబరులో వాయుగుండం పట్టింది. బందరు పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెప్పిన పొద్దున్నే ఫోనొచ్చింది.

"లంక ఖాళీ చెయ్యమన్నారండి. నాయనమ్మ పడవెక్కనంటోంది. ఆ ఫిడేలు సొంతమనిషి కోసం ఏడుస్తోందంట, ఈసారి దాంతో తను పోకపోతే నన్ను తీసుకుపోద్దంట. నాకు భయంగా ఉంది."

దుర్గ నోట భయమన్న మాట వినడం అదే మొదలు. ఫోన్ పెట్టేసి అటకెక్కాను.

యాభై ఎనిమిది నోటుబుక్కులో తాత చేతిరాత ఉంది. కోడూరు బాలస్వామి మాష్టారి పెద్ద ఫిడేలు, పగులు అతుకు. చీటీ నకలు: జర్మనీ, మార్క్‌నోయ్‌కిర్షెన్, 1894. ఓడలో బందరు వచ్చింది, అక్కడి మిషను బడి బ్యాండుది, బడి మూసేశాక మాష్టారికిచ్చారు. ఇంతకాలం ఎవరికీ తెలియని ఊరూ వయసూ రెండు వరసల్లో ఉన్నాయి.

బస్సెక్కి బందరు వెళ్లి చర్చిలో వాకబు చేశాను. మాష్టారు పోయి ఉంటారని సిద్ధపడే అడిగాను. చిలకలపూడిలో కూతురు రూతు గారింట్లో ఉన్నారన్నారు. ఎనభై ఏళ్ల మనిషి మంచం మీద కూర్చుని నా మాటలు విన్నారు, తన మాటలు చెప్పారు. అవి పట్టుకుని నాగాయలంక రేవుకి పరిగెత్తాను. జనంతో నిండిన పడవలు ఇటు వస్తున్నాయి. ఖాళీ పడవ అటు వెళ్తుంటే ఎక్కాను. నీళ్లు లోపలికి చిమ్ముతున్నాయి. కళ్లు మూసుకుందామంటే ఇంకా భయమేసింది.

వీరమ్మ గారు ఆ గదిలోనే, ఫిడేలు కిందే కూర్చుని ఉన్నారు. పైన తీగలు ఆగకుండా మూలుగుతున్నాయి. దుర్గ ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతోంది. నేను ఊపిరి తీసుకోకుండా జర్మనీ, ఓడ, బడి అని మొదలుపెట్టాను.

"అయ్యన్నీ నాకెందుకు? మనిషి ఉన్నాడా, పోయాడా?" అన్నారావిడ.

"ఉన్నారండి."

ఆవిడ మొహం మారిపోయింది. ఇరవై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని మాట చెప్పారు. ఆ సాయంత్రం నీళ్లలో ఫిడేలుకి అవతల ఇంకో చెయ్యి ఉంది. "పిల్ల జారిపోతందని మెసిలాను. నా మోచెయ్యి తగిలింది. ఆ చెయ్యి పోయింది. నేనే తోసేశాను అబ్బాయ్."

"తొయ్యలేదండి. ముగ్గురి బరువుకి అది మునుగుతోందంట. తాటిమట్టలు చేతికి తగిలితే ఆయనే వదిలేసి చెట్టు పట్టుకున్నారు. పాప చేతి వెండి మురుగు ఆయన నుదురు గీరింది. ఆ మచ్చ ఇందాకే చూశాను. మీరూ ఫిడేలూ సముద్రంలో కలిసిపోయారనుకున్నారంట. ఆ పిల్ల బతికిందా అనడిగారు."

వీరమ్మ గారు లేచి ట్రంకుపెట్టె తెరిచారు. గుడ్డ మూటలోంచి వేలెడంత మురుగు తీసి దుర్గ అరచేతిలో పెట్టి, అప్పుడు ఏడ్చారు. మేమూ ఏడ్చాం.

ఆ ఏడుపులోనే నాకు ధైర్యం వచ్చింది. నెల క్రితమే తాత సంతకం చూశానని, తేలితే దుర్గకి పెళ్లైపోతుందని దాచానని, దుర్గంటే నాకిష్టమని ఒక్క గుక్కలో చెప్పేశాను. చెప్పాక ఈ గాలికంటే ఆవిడ చూపుకే ఎక్కువ భయమేసింది.

"నేనూ చదివాను," అంది దుర్గ మెల్లగా. "అదే అద్దంలో. వాళ్ల షాపు బోర్డు మీదున్న పేరే గదా నాయనమ్మా. ఆయన చెప్పేస్తారేమోనని టార్చి ఆర్పేద్దామనుకున్నా."

వీరమ్మ గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. వాసు మాట ఎత్తలేదు. నా మెళ్లో సిలువ వైపు చూశారు, దాని మాటా ఎత్తలేదు. ముందు ఫిడేలు దించమన్నారు. మొదటిసారి ఆవిడే తెరచాప గుడ్డ తీసి, తన చేత్తో దాన్ని తడిమారు. ఇద్దరం మోసి పడవలో పడుకోబెట్టాం. రేపు గాలి తగ్గాక ఆవిడే దాన్ని బందరు తీసుకెళ్లి ఇస్తానన్నారు.

పడవ కదిలింది. నేను ఒక చేత్తో అంచు, ఒక చేత్తో ఫిడేలు మెడ పట్టుకుని వణుకుతున్నాను. ఆవిడ గమనించారు.

"నీకు ఈతొచ్చా అబ్బాయ్?"

"రాదండి."

ఆవిడ పాయ వైపు చూశారు.

"మాఘానికింకా మూడు నెల్లుంది. దుర్గా, ఈలోగా ఇతనికి ఈత నేర్పు. పండగకీ పబ్బానికీ అత్తారింటికి ఈ పాయ దాటే రావాలిగా."