చేరిన సమయం

లింబేలో మా లారీల ఆఫీసు పంచదార గోదాము పైన ఉంటుంది. ఎప్పుడూ బస్తాల తీపి వాసన, డీజిల్ వాసన కలిసి పైకొస్తుంటాయి. రెండేళ్ల కిందట రిజిస్టర్లు తీసేసి అంతా క్లౌడ్‌లో పెట్టారు. అందరికీ ఒకటే షీటు. ఎవరు ఏ గడిలో ఉంటే అక్కడ వాళ్ల పేరు ఒక రంగులో వెలుగుతుంది. డ్రైవర్లతో మాటలన్నీ ఒకే గ్రూపులో.

అలినాఫె అక్క రంగు పసుపు. షీటు చూసేది ఆవిడే. మార్చి వరదల్లో నాలుగేళ్ల కూతుర్ని తీసుకుని మా లారీలోనే ఊరి నుంచి తిరిగొస్తూ, చిక్వావా దారిలో కాలువ దగ్గర పిల్లతో సహా కొట్టుకుపోయింది. నెల తర్వాత కంప్యూటర్లు చూసే యాంఖో ఆవిడ అకౌంటు తీసేశాడు. గ్రూపులో డ్రైవర్లతో మాట్లాడే నాకే ఆవిడ పనీ ఇచ్చారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. నెట్ పెట్టె దీపాలు ఆరిపోయాయి. లాప్‌టాప్ మూసేద్దామని చెయ్యి చాపాను.

షీటులో ఒక పసుపు గడి కదిలింది.

పక్కన పేరు... అలినాఫె.

మెల్లగా కిందికి దిగుతోంది, వేలు పెట్టి వెతుక్కుంటున్నట్టు. నా తమ్ముడు లింబానీ పేరు దగ్గర ఆగింది. వాడు చిక్వావా నుంచి లోడుతో వస్తున్నాడు. 'చేరిన సమయం' అన్న చోట అంకెలు పడ్డాయి. 3:10.

చెరిపాను. మళ్లీ పడ్డాయి.

యాంఖోని పిలిచాను. నెట్ లేకుండా ఇలా జరగదన్నాడు. వంగి చూశాడు. మెడలో శిలువ పట్టుకుని గోడకి జారబడ్డాడు.

లింబానీకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావురా?"

"కాలువ ముందరక్కా. నీళ్లు రోడ్డెక్కాయి. బళ్లన్నీ ఆపేశారు."

"నువ్వూ ఆపి దిగిపో."

"ఇప్పుడేగా గ్రూపులో పెట్టావ్, ఎక్కడా ఆగకు, నేరుగా వచ్చెయ్ అని! ఒక్క మాట మీద ఉండు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

ఫోన్లోనే గ్రూపు తెరిచాను. నా పేరుతోనే ఉంది.

అవి నా మాటలే. ఇవాళ్టివి కావు. నీళ్లు పెరుగుతున్నాయి, ఆగమంటావా అని మార్చిలో అలినాఫె అక్క లారీలోంచి అడిగితే, లోడు ఆలస్యమవుతుందని నేను పెట్టినవి. ఆవిడ పోయాక చెరిపేశాను. ఎవరికీ చెప్పలేదు.

"అది పెట్టింది నేను కాదురా. ఆగు."

వాడు గొంతు తగ్గించాడు. "బ్రేకు మీదే ఉంది కాలు... లారీ పోతోందక్కా."

నీళ్ల హోరు... తర్వాత అదీ లేదు.

తెర ముందు కూలబడ్డాను. "తప్పు నాదక్కా. వాణ్ణి వదిలెయ్," అన్నాను. పసుపు గడి కదల్లేదు.

మూడూ పదికి కింద యార్డులో హారన్ మోగింది.

పరిగెత్తాం. వాడి లారీయే. గేటుకి తాళం వేసినట్టే ఉంది, తీయలేదని కాపలాదారు ఒట్టేశాడు. ఆ కాలువ నుంచి ఇక్కడికి గంటకు పైనే దారి. ఇంజను కాలిపోతోంది. అద్దాల దాకా బురద. తలుపులు లోపలి నుంచి వేసి ఉన్నాయి. అద్దం పగలగొట్టాం.

లోపల ఎవరూ లేరు. లింబానీ ఇవాళ్టికీ దొరకలేదు.

వాడు ఆరడుగుల మనిషి. డ్రైవరు సీటు మాత్రం స్టీరింగుకి తగిలేంత ముందుకు జరిపి ఉంది. అందులో పట్టాలంటే... నాలుగేళ్ల పిల్ల అయ్యుండాలి.