మీ బండికి కాదు

ఆ సాయంత్రం మామయ్యని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాం. నేను మా కరెంటు కారు నడుపుతున్నాను. పక్క సీట్లో అత్తయ్య. వెనక మామయ్య, ఆయన కాళ్ళ దగ్గర ఆక్సిజన్ మిషన్. దాని సొంత బ్యాటరీ పాతబడిపోయి కాసేపు కూడా ఆగడం లేదు. అందుకని దాని వైరు కారుకే తగిలించాను. కారులో చార్జింగ్ ఉన్నంతసేపూ ఆయన ఊపిరికి ఢోకా లేదు.

మధ్యలో కొండచరియ విరిగిపడి పెద్ద రోడ్డు మూసేశారు. పోలీసులు మమ్మల్ని చుట్టుదారికి మళ్ళించారు. అంతా ఎత్తే. వాన, చలి, హీటరు, వైపర్లు... అన్నీ కలిసి బ్యాటరీని పీల్చేశాయి. ఆ దారిలో మా కారు కంపెనీ చార్జర్లు ఒక్కటీ లేవు. ఉన్నవి వేరే కంపెనీ వాళ్ళవి. ఇన్నేళ్ళూ వాళ్ళ కార్లకి తప్ప ఇంకెవరికీ ఇచ్చేవాళ్ళు కాదు. ఆ వారమే అందరికీ తెరిచారు. వాళ్ళ ప్లగ్గు మా కారుకి సరిపోవడానికి కావలసిన అడాప్టర్ కూడా పోస్టులో వచ్చింది. డిక్కీలో పడేశానే గానీ ఇంకా కవరైనా చింపలేదు.

"ఇప్పుడు మనల్ని రానిస్తారా?" అంది అత్తయ్య.

"రానివ్వాలి. మెసేజ్ కూడా పంపించారు."

"రానివ్వకపోతే నేను మాట్లాడతాలే."

మాట్లాడగలదు కూడా. అత్తయ్య జీవితమంతా బస్సు కండక్టరుగా పనిచేసింది. రిటైరై ఇన్నాళ్ళైనా ఎవరైనా గుమ్మానికి అడ్డంగా నిలబడితే "లోపలికి జరగండి" అనేస్తుంది.

ఆ చార్జర్లు ఒక సోఫాల షాపు వెనకాల ఉన్నాయి. వాన వల్ల షాపు పెందలాడే కట్టేసినట్టున్నారు. వెలుగు పూర్తిగా పోలేదు గానీ మంచు దిగి అంతా బూడిద రంగులో ఉంది. తడి సిమెంటు మీద వరసగా తెల్లటి చార్జర్లు. ఒక్కొక్కదాన్నుంచీ సన్నగా గుయ్‌మని మోత. వరస చివర ఒక పాత చిన్న కారు ఆగి ఉంది. ఆ కంపెనీది కాదు. దాని అద్దాలు లోపలి వైపు నుంచి ఆవిరి పట్టి ఉన్నాయి.

కారులో నాలుగు శాతం మిగిలింది.

అడాప్టర్ బిగించి ప్లగ్గు పెట్టాను. చార్జర్ తెర మీద పచ్చ గీత వెలిగింది. హమ్మయ్య అనుకుని కారెక్కి తలుపు వేసుకున్నాను.

టక్.

ప్లగ్గు ఊడి నేల మీద పడి ఉంది.

సరిగ్గా పెట్టలేదేమో అనుకుని దిగి మళ్ళీ పెట్టాను. ఈసారి కారెక్కకుండా అక్కడే నిలబడ్డాను. ప్లగ్గు మీద చిన్న లివరు ఉంటుంది, వేలితో నొక్కితేనే ఊడుతుంది. ఆ లివరు నా కళ్ళ ముందే మెల్లగా కిందికి దిగింది. ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు.

టక్.

ఎక్కడినుంచో వాసన వచ్చింది. చాలాకాలం మూసి ఉంచిన గదిలో తడి ఉన్ని స్వెట్టర్ కుళ్ళిన వాసన...

"అది మీ బండికి కాదు."

ఉలిక్కిపడి తిరిగాను. చార్జర్ అవతల ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చూస్తున్నాడు.

"ఇప్పుడు అందరికీ ఇస్తున్నారండీ," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"కంపెనీ వాళ్ళే."

"నాకు చెప్పలేదు."

మాట్లాడుతుంటే నా నోట్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. ఆయన నోట్లోంచి ఏమీ రావడం లేదు. వాన తుంపర నా జుట్టంతా తడిపేసింది. ఆయన చొక్కా మీద ఒక్క చుక్క లేదు.

నేను కారెక్కి పక్క చార్జర్ దగ్గరికి తీసుకెళ్ళాను. దిగేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. నడిచి వచ్చింది మాత్రం చూడలేదు. ప్లగ్గు పెట్టాను. ఊడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊడింది.

అంతలో కారు లోపలినుంచి కూత. మిషన్ ఆగిపోయింది. బ్యాటరీ మరీ తగ్గితే కారు అన్నిటికీ కరెంటు ఆపేస్తుంది. మామయ్య ముందుకు వంగి, రెండు చేతులతో సీటు పట్టుకుని, గాలిని లాక్కుంటున్నాడు.

అత్తయ్య తలుపు తోసుకుని దిగింది.

"ఏం నాయనా, ఏమిటి నీ గొడవ?"

ఆయన వరస చివరి పాత కారు వైపు చూశాడు. తర్వాత గుసగుసగా అన్నాడు.

"నేనూ ఇలాగే వచ్చాను. ఇంతకంటే చలి. తగిలిస్తే తీసుకోలేదు. వాళ్ళ బండ్లు వచ్చాయి, నింపుకున్నాయి, వెళ్ళిపోయాయి. చేతులు జోడించి అడిగాను... నీ బండికి కాదన్నారు. హీటరు ఆగిపోయింది. వెనక సీట్లో నా..."

అక్కడ ఆగిపోయాడు.

"నాకివ్వలేదు. మీకెందుకివ్వాలి?"

అత్తయ్యకి అర్థమైంది. ఎవరితో మాట్లాడుతోందో కూడా అర్థమైంది. అయినా వెనక్కి జరగలేదు.

"నీకివ్వకపోవడం తప్పు," అంది. "చోటు ఖాళీగా ఉంది, మనిషి నిలబడి ఉన్నాడు. ఎక్కించుకోవాల్సింది. వాళ్ళు చేసిన పని నువ్వు కూడా చేస్తావా? చెయ్యి. నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను. అమ్మాయ్, ప్లగ్గు పెట్టు."

పెట్టాను. అత్తయ్య దాని మీద తన రెండు చేతులూ వేసింది. వాటి మీద నేను వేశాను.

లాగడం మొదలైంది.

ఆయన కదల్లేదు. చేతులు కట్టుకునే ఉన్నాడు. కానీ ప్లగ్గుని ఏదో పట్టి గుంజుతోంది. భుజాలు ఊడిపోయేలా గుంజుతోంది. ఐస్ ముక్కల్లాంటివి నా వేళ్ళ కిందికి దూరాయి. ముందు చిటికెన వేలు లేపాయి... తర్వాత దాని పక్క వేలు...

"వదలండి," చెవి పక్కనే వినిపించింది.

"వదలను," అంది అత్తయ్య.

"వదలండి..."

"ముప్ఫై ఏళ్ళు కిక్కిరిసిన బస్సుల్లో నిలబడ్డాను నాయనా. నన్ను తోసినవాళ్ళలో నువ్వు మొదటివాడివి కాదు. వదలను."

నాకు ఏడుపు వచ్చేస్తోంది. భయంతో కాదు. ఒళ్ళు మండి. లోపల ఒక మనిషికి ఊపిరి ఆడడం లేదు. ఇక్కడ కరెంటు ఉంది, తీగ ఉంది, పెట్టుకోమన్న మాట ఉంది. ఇంకా ఎవరి అనుమతి కావాలి మాకు? లేచిన వేళ్ళని మళ్ళీ బలంగా కిందికి అదిమాను.

అప్పుడు అత్తయ్య గొంతు తగ్గించి అంది. "మాదవ్వగానే నీ బండికీ పెడతాం. మాట ఇస్తున్నాను. అందాకా వరసలో ఉండు."

గుయ్‌మనే మోత ఆగింది. వాన చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

చేతుల కింద లాగుడు వదిలేసింది.

తలెత్తి చూస్తే ఆయన లేడు. తెర మీద పచ్చ గీత కదులుతోంది. కారులో మిషన్ దగ్గినట్టు ఒక్కసారి కదిలి, మళ్ళీ పనిచెయ్యడం మొదలుపెట్టింది. అత్తయ్య చేతులు తియ్యలేదు. ఇల్లు చేరడానికి సరిపడా ఎక్కేవరకూ మేమిద్దరం అలాగే నిలబడ్డాం.

"ఇక పోదాం పదండి," అన్నాను.

"మాట ఇచ్చాను కదా."

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను..."

"నువ్వు కారులో కూర్చో. నేను పెట్టేసి వస్తాను."

ఆవిణ్ణి ఒంటరిగా ఎలా పంపిస్తాను? అడాప్టర్ ఊడదీసుకుని నేనూ వెళ్ళాను. ఆ పాత కారు టైర్లు నేలకి అంటుకుపోయి ఉన్నాయి. చార్జింగ్ మూత తుప్పు పట్టి ఉన్నా వేలు పెట్టగానే తెరుచుకుంది. అడాప్టర్ పెట్టి, ప్లగ్గు తగిలించాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన బండి. అయినా తెర మీద పచ్చ గీత వెలిగింది.

దాని వెనక తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపలికి తొంగిచూశాను. సీటు మీద ఉన్ని దుప్పటి, అప్పుడే ఎవరో తోసేసి లేచినట్టు. ఎవరూ లేరు.

అడాప్టర్ అక్కడే వదిలేసి వచ్చేశాం.

కారు రోడ్డెక్కగానే టింగ్ టింగ్‌మని మోగడం మొదలైంది. తెర మీద సీటు బెల్టు గుర్తు. మామయ్యకి బెల్టు ఉంది. గుర్తు ఆయన పక్క సీటు దగ్గర వెలుగుతోంది. ఆ సీట్లో సంచి కూడా లేదు.

అత్తయ్య, నేను ఒకరినొకరం చూసుకోలేదు. కాసేపటికి ఆవిడ తన బెల్టు తీసి, వెనక్కి వంగి, ఆ ఖాళీ సీటుకి బెల్టు పెట్టింది. మోత ఆగింది.

ఇంటి ముందు ఆగాక మామయ్యని పట్టుకుని దింపాం. కాస్త తేరుకున్నాడు. అత్తయ్య ఆయన్ని నడిపించుకుని వెళ్తుంటే గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"ముందు ఆ పిల్లని దింపమ్మా," అన్నాడు నాతో. "దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. చేతులు మంచు ముద్దల్లా ఉన్నాయి."

అత్తయ్య నా వైపు చూసింది. నేను కారు చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి తలుపు తెరిచాను.

సీటు ఖాళీగా ఉంది. బెల్టు పెట్టే ఉంది. కానీ సీటుకి ఆనుకుని లేదు. జానెడు ముందుకి, గుండ్రంగా వంగి నిలబడింది. ఊరికే నిలబడలేదు... మెల్లగా పైకి లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది.