అడగని నీళ్ళు

సువార్తమ్మ ఎండిపోయిన మిరప నారు పిడికెడు తెచ్చి వరమ్మ అరుగు మీద పెట్టింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది...

“మీ నారుమడి పచ్చగా ఉండాది వరమ్మా. శానా సంతోషం,” అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

వరమ్మ ఆ నారు చేతిలోకి తీసుకుంది. ఓర్వకల్లు దగ్గర ఆ రాళ్ళ నేలలో అన్నదమ్ములిద్దరి ఇళ్ళకూ ఒకటే బోరు. సువార్తమ్మ తోటికోడలే అయినా, వరమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమెను సొంత చెల్లెలిలా చూసుకుంది. ఒక ఇంట్లో కష్టం వస్తే రెండో ఇంటివాళ్ళు వాళ్ళ మడికి కూడా నీళ్ళు కట్టి వచ్చేవారు. ఎవరూ అడిగేవారు కాదు. అడిగించుకోవడమే తప్పు.

ఈ మధ్య కరెంటు వేళలు రోజుకో రకంగా మారుతుంటే, కర్నూలు కాలేజీలో పైథాన్ నేర్చుకుంటున్న వరమ్మ కూతురు క్రిస్టినా ఒక ప్రోగ్రాం రాసింది. కరెంటు వచ్చినప్పుడు ఎవరి వంతో రెండిళ్ళ ఫోన్లకూ చెబుతుంది. వాళ్ళు రాకపోతే వంతు రెండో ఇంటికి మారిపోతుంది. సాయం కావాలంటే ఫోన్లో ఒకసారి నొక్కాలి.

పోయిన వారం సువార్తమ్మ భర్త, బావ ఏసన్న జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. వరమ్మ గంజి కాచి పంపింది, ప్రార్థన చేసింది. మడి సంగతి మాత్రం... కావాలంటే అక్క నొక్కుతుందిలే అనుకుంది. అక్క నొక్కలేదు. వంతు మారిందని ఫోను చెప్పినప్పుడల్లా వరమ్మ తన మడికే నీళ్ళు కట్టుకుంది.

క్రిస్టినా ఆ ఎండు నారు చూసి లాప్‌టాప్ మూసేసింది.

“మానేస్తా మా. రేపు కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టు ఇదే. ఏ మొగం పెట్టుకొని చూపించేది?”

“రాసింది నువ్వయితే నీళ్ళు కట్టుకుండేది నేను కదా పాపా. ఆ మడి పక్కనే నడిచినా. తల తిప్పి చూళ్ళేదు.”

“తప్పు యాడ ఉండాదో వెతుకుతాండా. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు మా. అన్ని ఫంక్షన్లూ సరిగ్గానే నడిచినాయి.”

“మీ పెద్దమ్మ నోరు తెరిచి అడగదని నీకు తెలీదా?”

“తెలుసు...”

“మరి ఆమెనే అడగమని ఎందుకు పెట్టినావు?”

క్రిస్టినా మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది. సాయం కావాలని నొక్కేదాకా ఎదురుచూసే ఫంక్షన్‌ను తీసేసి, దాని చోట ఇంకొకటి రాయడం మొదలుపెట్టింది.

మరునాడు పొద్దున కరెంటు రాగానే వరమ్మ ఫోను మోగింది. ‘అక్క వాళ్ళ మడి చూసొచ్చినావా?’ చూశానని నొక్కితే గానీ వంతు చెప్పదట.

వరమ్మ నొక్కలేదు. తన నారు సగం పీకి, తడిగుడ్డలో చుట్టుకొని, సువార్తమ్మ చేనికి నీళ్ళు వదిలి సాళ్ళలో నాటడం మొదలుపెట్టింది. కళ్ళు మసకబారి సాలు సరిగా కనపడటం లేదు.

“ఈ ఫోను ఏందమ్మా పొద్దున్నే నన్ను సతాయిస్తాంది?” గట్టు మీద నుంచి సువార్తమ్మ గొంతు. “వరమ్మ మడి చూసిరా పో అంటాది. పోయి చూసినా. సగం మడి ఖాళీగా ఉండాది. నారు యాడ పోయింది?”

వరమ్మ తలెత్తలేకపోయింది. “అక్కా...”

సువార్తమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి బురదలోకి దిగింది.

“వంకరగా నాటతాండావు. జరుగు.”

తర్వాత, లాప్‌టాప్ సంచీతో గట్టు మీద నిలబడిపోయిన క్రిస్టినా వైపు తిరిగింది.

“నువ్వేంది మే, అట్ల చూస్తాండావు? బస్సు పోతాది. పో, చూపించి రా.”