అతుకులు లేని పోత

నకలు మూలం చెప్పిందే చెబుతుందని లోకం నమ్మకం.

నేపుల్స్, 1962. ఆ ఉదయం ఏజెంట్ ఎట్టోరే బల్ల మీదికి అరచేతిలో పట్టేంత ప్లాస్టర్ పోత ఒకటి వచ్చింది. నడుమ స్త్రీ, చెరోపక్క ఒక పురుషుడు. ఎన్నడో నశించిన గ్రీకు ఫలకానికి రోమన్లు చెక్కుకున్న నకళ్లలో ఒకదాని అచ్చు అది. ఒక నకలు మీద ఓర్ఫియస్ పేరుంది: భార్యను మృత్యులోకానికి వదులుకుంటున్న భర్త, ఆమెను తీసుకుపోయే దేవదూత. మరొకదాని మీద ఎవరో ఆంటియోపె పేరు చెక్కారు: తల్లిని చేరుకున్న ఇద్దరు కొడుకులు. బొమ్మ అదే, ఒకచోట వీడ్కోలు, ఒకచోట కలయిక.

శత్రు ముఠాలో డబుల్ ఏజెంటుగా ఉన్న లీవియాకూ అతనికీ ఇదే కోడ్. ఓర్ఫియస్ అంటే తప్పుకో. ఆంటియోపె అంటే రా.

ఈ పోత మీద ఆంటియోపె పేరుంది. వెనుక: ఊరవతల పొజ్జువోలి గోదాము, మధ్యాహ్నం పన్నెండు.

"రేవులో మందుపాతరలున్న చోట్ల పటం, ఆ మైక్రోఫిల్మును లీవియా దొంగలనుంచి కొట్టేసిందన్నమాట," అన్నాడు చీఫ్ స్పినెల్లి. "వెళ్లవయ్యా పెళ్లికొడకా! ఏడాదిగా ఒక్కడివే కాఫీ తాగుతున్నావు. ఇవాళ రెండు చెప్పుకో."

ఎట్టోరే పోతను బొటనవేలితో తడిమాడు.

"ఇది ఆమె పోసింది కాదు చీఫ్. నున్నగా ఉంది."

"ఉంటే?"

"వాళ్ల నాన్నది పోతల కార్ఖానా. అచ్చుముక్కలు కలిసేచోట పడే అతుకు గీతలు గీకేస్తే ఆ ఇంట్లో భోజనం పెట్టరు. గీత ఉంటేనే నమ్మకమైన పోతని వాళ్ల లెక్క."

స్పినెల్లి నవ్వు ఆగిపోయింది. "అంటే పట్టుబడింది."

"నన్ను రేవుకి దూరంగా లాగుతున్నారు. ఫిల్మును ఓడెక్కిస్తారు. పన్నెండింటికి ఏ ఓడ కదులుతోంది?"

"ఒకటే. వార్దార్." స్పినెల్లి గొంతు తగ్గించాడు. "గోదాములో నువ్వు కనబడకపోతే ఆమెను బతకనివ్వరురా."

"తెలుసు. అక్కడికి మీరు వెళ్లండి. ఫిల్ము దేశం దాటితే ఆమె ఏడాది పడ్డ పాటంతా వృథా."

హమాలీ వేషంలో ఎట్టోరే చేరేసరికి ఓడ నిచ్చెన పైకి లేపబోతున్నారు. దాని మీద బూడిదరంగు కోటు మనిషి, చంకలో ప్లాస్టర్ ఫలకం.

"బరువేమో, ఇటివ్వండి దొరా!"

"పోరా, ముట్టుకోకు!"

ఎట్టోరే ఎగిరి కోటు పట్టి లాగాడు. ఫలకం రేవురాళ్ల మీద పగిలింది. లోపలినుంచి ఫిల్ము చుట్ట దొర్లింది. ఒక పెంకు మీద అతుకు గీత గీకకుండా ఉంది: ఇది లీవియా పోసిందే. పక్కనే పేరు: ఓర్ఫియస్.

మైక్రోఫిల్ము దొరికింది. పొజ్జువోలి గోదాములో స్పినెల్లికి ఎవరూ కనబడలేదు. లీవియా తిరిగి రాలేదు. సాయంత్రం కాఫీ బారులో ఎట్టోరే ఒక కాఫీయే చెప్పాడు.