వెనక సీటు లేని కారు

వీధి మూల తిరగకముందే ఆ శబ్దం మేస్త్రి చెవిన పడింది. పంపు కింద చేతులు పెట్టి గోళ్ళ సందుల్లో గ్రీజు వదిలించుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"అదీ ఇంజనంటే," అన్నాడు, పక్కన ఎవరో ఉన్నట్టు.

వినడానికి ఉన్నది భార్య ఒక్కతే. కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కారు సీటుకి తొడుగు కుడుతోంది. ఊళ్ళో సగం కార్ల సీట్ల తొడుగులు ఆవిడ చేతి మీదుగా పోయినవే. తల ఎత్తలేదు.

"నీళ్ళు పోతున్నాయి. పంపు కట్టండి."

రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి గ్యారేజీ ముందు ఆగాయి. ముందున్న ఎర్ర కారు నేలని కరుచుకున్నట్టు ఉంది. దాన్లోంచి బావమరిది ముందు మోకాళ్ళు, తరవాత తల బయటపెట్టి, తలుపు పట్టుకుని, నడుము మీద చెయ్యేసుకుని మూలుగుతూ లేచాడు. పాత కార్లు కొని అమ్మే బేరగాడు అతను. వెనక వచ్చిన బూడిద రంగు కారు తోలిన పనివాడు తాళం అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"బావా, ఇది కారు కాదు, శిక్ష. రోడ్డు మీద చీమని తొక్కినా నా వెన్నుకి తెలిసింది."

"తెలియాల్సింది అదేరా. రోడ్డు ఏం చెబుతోందో తోలేవాడికి వినపడాలి."

"నాకు రోడ్డుతో అంత మాటల్లేవు బావా. మధ్యాహ్నానికి మీరు ఒకటి తేలిస్తే, ఇంకో ఆయన వచ్చి మిగిలింది పట్టుకుపోతాడు."

"తేల్చేదేముంది? ఎర్రది."

బావమరిది అక్క వైపు చూసి, నేల వైపు చూసి, రెండు తాళంచెవులూ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అమ్మాయి నిన్న ఫోన్లో బూడిద రంగుదంది కదా. నీకు చెప్పే ఉంటుందనుకున్నాను బావా."

మిషను చప్పుడు ఆగింది.

మేస్త్రి బతుకంతా ఈ రోజు కోసమే ఎదురు చూశాడు. పలక పట్టాల్సిన వయసులో స్పానర్లు పట్టినవాడు. రేసు ట్రాకు మీద పరిగెత్తే డబ్బున్నవాళ్ళ కార్లకి ఇంజన్లు విప్పాడు, బిగించాడు. ఒక్కడంటే ఒక్కడు, "మేస్త్రీ, ఒక రౌండు నువ్వు కూడా కొట్టు" అనలేదు. స్టీరింగు దగ్గర కూర్చుంటే సీటుకి మరకలవుతాయని గుడ్డ పరిచినవాళ్ళున్నారు. ఆ మంట కడుపులో పెట్టుకుని కూతురికి కారు నేర్పాడు. ఇప్పుడా పిల్ల డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెబుతుంది, ఆదివారాలు ట్రాకు ఎక్కుతుంది. మలుపు తీసుకుంటే చూసేవాళ్ళు నోళ్ళు తెరుచుకుంటారు. అయితే ఇంతకాలం ఆమె తోలింది తండ్రి అతుకులేసిన పాత డబ్బాలు. ముగ్గురూ కూడబెట్టిన సొమ్ముతో, ట్రాకు కోసమే పుట్టిన కారు ఈ రోజు ఇంటి ముందుకు వచ్చింది. తీరా చూస్తే కూతురి మాట ఇదీ.

"అమ్మడూ!" అని అరిచాడు.

కూతురు స్కూలు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చింది. ముందు ఎర్ర కారు దగ్గరికే వెళ్ళింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగుని ఒకసారి పట్టుకుని, వేడి తగిలినట్టు వదిలేసింది.

"మావయ్య చెప్పేశాడా?"

"నాకు నువ్వు చెప్పాలి. ఎందుకు?"

"అదీ బాగా పరిగెడుతుంది నాన్నా. టర్బో ఉంది. పైగా రోడ్డు మీద రోజూ..."

"టర్బో! ఊపిరి అరువు తెచ్చుకునే ఇంజను. కాలు నొక్కితే, వెళ్ళాలా వద్దా అని ఆలోచించుకుని కదులుతుంది. తలుపులు నాలుగు, బరువు ఏనుగంత. అందులో కూర్చుంటే నిద్రొస్తుంది, వేగం రాదు."

"మలుపు ముందే కాలు వెయ్యాలి, అంతే. అలవాటైతే అయిపోతుంది."

"అంటే ఇంజనుకి నువ్వు అలవాటు పడతావన్న మాట. ఎవరు చెప్పారే నీకు ఇదంతా? ఆ స్కూల్లో ఎవడైనా ఉన్నాడా? పెళ్ళయ్యాక పిల్లల్ని ఎక్కించుకు తిరగడానికి ఇప్పట్నించే బండి చూసుకుంటున్నావా?"

"నాన్నా, మాట జారకు."

"జారింది నువ్వు. భయం పట్టుకుంది నీకు. మొన్న తడి ట్రాకు మీద కారు తిరగబడబోయింది, అప్పుడే నీ మొహంలో చూశాను. పిరికిదానికి ఎర్ర కారెందుకులే."

కూతురి చెవులు ఎర్రబడ్డాయి. బావమరిది మధ్యలోకి వచ్చాడు. "బావా, ఉదయాన్నే ఎందుకు? రెండూ మంచి బళ్ళే..."

"నువ్వు నోరుమూసుకో. నీకు రెండూ అమ్ముడుపోతాయి."

"అవును మరి, ఊరికే ఊరేగించడానికి తెచ్చానా!"

మేస్త్రి వినలేదు. గడపలో నిలబడ్డ భార్య మీద పడ్డాడు. "నువ్వే నూరిపోశావు దీనికి. ట్రాకంటే నీకు మొదట్నించీ పడదు. ఒక్కసారి వచ్చావా అది పరిగెత్తుతుంటే చూడ్డానికి?"

"ఎందులో రమ్మంటారు?" అంది భార్య.

"ఏమిటి?"

"ఎందులో రావాలని అడుగుతున్నాను. ట్రాకు ఊరవతల. బస్సు దిగి నడిచొచ్చేసరికి మీరు సామాను సర్దుకుంటుంటారు. మీ కార్లలో మీరు, మీ కూతురు. వెనక ఇనప కడ్డీలు. నేను కడ్డీ పట్టుకుని వేలాడాలా?"

అది నిజమే. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కారుకీ మేస్త్రి మొదట చేసే పని వెనక సీటు ఊడబెరకడం. బరువు తగ్గాలి. ఆ చోట, బోల్తా పడితే కారు నలగకుండా కడ్డీలు బిగించాలి. ఊడబెరికిన సీట్లే ముందు గదిలో సోఫాలు. చుట్టాలు వస్తే వాటి మీదే కూర్చుంటారు.

"సీటు ఎందుకు తీస్తారో నీకు చెబితే అర్థమవుతుందా? ఇంజనుకి బరువే శత్రువు."

"అర్థమైంది లెండి. ఇన్నేళ్ళుగా ఆ బరువు నేనే."

"అదిగో, అదే నూరిపోస్తున్నావు దానికి!"

"నాకు ఏ కారూ వద్దు. నేనడగలేదు. అదేం కొనుక్కుంటుందో దాని ఇష్టం. నాకు బస్సుంది, కాళ్ళున్నాయి."

బావమరిది గాలి మార్చాలనుకున్నాడు పాపం. "అక్కా, బావ కారుని మరీ అంత తిట్టకు. నీకు కడుపు ఆపరేషనైనప్పుడు ఆసుపత్రి నుంచి అరగంట దారి పావుగంటలో తెచ్చారు కదా. బావ ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు."

మేస్త్రి మొహం కాస్త విచ్చుకుంది. ఆ కథంటే అతనికి ప్రాణం. "అడుగు మీ అక్కని. కుట్లేసిన మనిషిని పువ్వులా తెచ్చింది నా కూతురు. వంతెన దగ్గర మలుపు తీసుకుంది చూడు, ఎదుటి లారీవాడు..."

"ఆపు నాన్నా."

"ఆపేదేముంది? అలాంటి పిల్ల ఇవాళ..."

"ఆపమన్నానా!" కూతురు మావయ్య చేతిలోంచి బూడిద రంగు కారు తాళంచెవి లాక్కుని దాని మీదే విసిరి కొట్టింది. అది ఠంగుమని తగిలి కింద పడింది. "ఆ మలుపులోనే అమ్మ కుట్టు ఊడింది."

"నోరు ముయ్యవే," అంది తల్లి.

"ముయ్యను. రెండేళ్ళు మూసుకున్నాను. ముందు సీటు గుంటలా ఉంటుంది, అమ్మ వంగలేకపోయింది. వెనక రేకు మీద టార్పాలిన్ మడిచి పడుకోబెట్టాం. నువ్వు నా పక్కన కూర్చుని తొక్కు, తొక్కు అన్నావు. నేను తొక్కాను. మలుపులో అమ్మ జారి కడ్డీకి కొట్టుకుంది. కిక్కురుమనలేదు. ఇంటికొచ్చాక చూస్తే లంగా అంతా నెత్తురు. నువ్వు అప్పటికే టీ కొట్టు దగ్గరికెళ్ళిపోయావు, పావుగంటలో తెచ్చామని చెప్పడానికి. నువ్వక్కడ చెబుతుండగానే మేమిద్దరం టాక్సీలో మళ్ళీ ఆసుపత్రికి పోయాం. మళ్ళీ కుట్టించుకుని వచ్చాం."

బావమరిది మెల్లగా గ్యారేజీలోకి తప్పుకున్నాడు.

"అబద్ధం," అన్నాడు మేస్త్రి. అని, భార్య మొహం చూశాడు. ఆవిడ కొట్టిపారెయ్యలేదు. చీర కొంగుకి అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే ఏరుతోంది.

"ఆ కథ నువ్వు చెప్పిన ప్రతిసారీ నేను లేచి లోపలికి పోయేదాన్ని," అంది కూతురు. "పొగిడితే సిగ్గుపడుతున్నానని అందరితో అన్నావు. తోలింది నేను నాన్నా. నువ్వు కాదు. నా కాలు. ఎర్ర కారంటే నాకు భయమా? రాత్రి నిద్రపట్టలేదు దాని కోసం. కానీ మన ఇంట్లో మూడో మనిషి ఉంది. ఇంకోసారి ఆవిడ్ని రేకు మీద పడుకోబెట్టి తోలలేను."

మేస్త్రికి వచ్చింది కోపమే. అతనికి వచ్చిన విద్య అదొక్కటే. "నాకెందుకు చెప్పలేదు?" అని భార్య మీద అరిచాడు. "ఇద్దరూ కలిసి నన్ను వెధవని చేస్తారా? చెబితే నేను..."

"చెబితే ఏం చేసేవారు?" భార్య గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఇంకా తొందరగా వచ్చే దారి వెతికేవారు."

ఎవరెన్ని తిట్లు తిట్టినా దులుపుకు పోయే మనిషికి ఆ మాట మాత్రం లోపలికి దిగింది. మేస్త్రి ఎర్ర కారు దాకా నడిచి, తలుపు తీసి వెనక భాగంలోకి వంగి చూశాడు. అడ్డంగా ఒకటి, నిలువుగా రెండు కడ్డీలు. కింద రంగేసిన రేకు. మధ్యలో అతుకు దగ్గర రేకు చివర కాస్త పైకి లేచి ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. ఇలాంటి రేకులు తన చేతులతోనే ఎన్నో పరిచాడు. అక్కడ ఒక మనిషి కూర్చోవాలన్న మాట ఒక్కసారీ తట్టలేదు. ఇంజను ఎక్కడ మూలిగినా వీధి అవతల నుంచి వినగలిగిన చెవులవి. ఒక మూర దూరంలో పడుకున్న మనిషి పళ్ళు బిగబట్టుకుంటే వినలేకపోయాయి.

తిరిగొచ్చి భార్య ఎదుట నిలబడి, ఏం అడగాలో తెలియనట్టు అడిగాడు.

"ఎక్కడ ఊడింది?"

"ఇప్పుడు చూసి బిగిస్తారా?"

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వుకి బదులు ఇంకేదో వచ్చింది. గ్రీజు చేత్తోనే మొహం తుడుచుకున్నాడు, బుగ్గ మీద నల్లటి చార పడింది. ఆవిడ చూసింది గానీ, కొంగు అందించలేదు.

"బామ్మర్దీ," అని గ్యారేజీ వైపు కేకేశాడు. "ఎర్రది ఆయనకి ఇచ్చెయ్."

"మీ త్యాగాలు నాకక్కర్లేదు," అంది భార్య. "రేపట్నించి ఏం జరిగినా, మీ అమ్మ వల్లే నీకు ఎర్ర కారు లేకుండా పోయిందని దాని తల తింటారు. నాకు తెలియదా మీ సంగతి?"

"అంటాను. అంటానేమో. అన్నప్పుడు ఈ మాటే గుర్తు చెయ్యి." నేల మీద పడ్డ తాళంచెవి తీసి కూతురికిచ్చాడు. బూడిద రంగు కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు."

"నాకు పనుంది. సాయంత్రానికి ఆ తొడుగు ఇవ్వాలి."

"ఎక్కవే. చూడకుండా కొంటామా? ఆ సీటు నువ్వు చూడాలి. మాకేం తెలుసు?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. అతను, "ఎక్కక్కా, పెట్రోలు నాదే," అన్నాడు. ఆవిడ చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని, ఎక్కి కూర్చుంది. అలవాటు కొద్దీ అరచేత్తో సీటుని రాసి, అంచు తిప్పి, "కుట్టు వదులుగా ఉంది. నేనైతే ఇలా కుట్టను," అంది.

మేస్త్రి ముందు కూర్చున్నాడు. కారు వీధి దాటింది. మునుపైతే ఈపాటికి గేరు మార్చమని, బ్రేకు ఆలస్యంగా వెయ్యమని పది మాటలు చెప్పేవాడు. ఇప్పుడు రెండు చేతులూ తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"నీకు ఆ ఎర్రదే ఇష్టం కదా," అన్నాడు, రోడ్డు చూస్తూ.

"ఇష్టమే."

"మరి?"

"మరేం లేదు."

ఊరు దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా సాగింది. అద్దంలో భార్య కనిపించింది. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉంది.

"మెల్లగా పోనీ," అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి. "అమ్మ నిద్రపోతోంది."

కూతురు తండ్రి వైపు తిరిగి చూసింది. ఆ నోట ఆ మాట ఆమె పుట్టిన తరవాత విన్లేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది.

"నిద్రపోవట్లేదు," అంది వెనక నుంచి తల్లి. కళ్ళు తెరవలేదు. "కాలు తియ్యకు. పోనియ్."

"ఏమ్మా?"

"పోనియ్యవే. ఎంత పోతుందో చూద్దాం. మీ నాన్నా నువ్వూ దీని కోసం ఇన్నేళ్ళు ఇల్లు మరిచిపోయారు. అదెలా ఉంటుందో నన్నొక్కసారి సరిగ్గా కూర్చోబెట్టి చూపించారా?"

కూతురు కాలు నొక్కింది. ఒక్క క్షణం కారు ఊపిరి పీల్చుకుని, అందుకుంది. వెనక నుంచి "అమ్మో" అని వినిపించింది. ఆ వెంటనే నవ్వు. పెళ్ళైన కొత్తలో తప్ప మేస్త్రి ఆ నవ్వు వినలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుని, ఇద్దరిలో ఎవరూ చూడకుండా ఏడ్చాడు.