అత్తగారి చెవులు

"యార్క్‌షైర్ పంది. పుట్టిల్లు ఇంగ్లాండ్. తెల్లటి ఒళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు. బర్క్‌షైర్‌దీ ఇంగ్లాండే. ఒళ్లంతా నలుపు. నాలుగు పాదాలు, ముక్కు, తోక చివర మాత్రం తెలుపు. డ్యురాక్ అమెరికాది. ఎర్రగా ఉంటుంది..."

డిక్షనరీ పందుల షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ గడగడా అప్పజెబుతోంది. అది ఆ పిల్ల అసలు పేరు కాదు, క్లాసువాళ్లు పెట్టింది. టీచర్ ప్రశ్న పూర్తిచేయకముందే చెయ్యి ఎత్తేస్తుంది మరి! రేపు క్లాసులో పందుల జాతుల గురించి చెప్పబోయేది కూడా తనే. వాళ్లమ్మకి పందుల ఫారం ఉంటే ఇంకెవరు చెబుతారు?

"లాండ్రేస్. డెన్మార్క్‌ది. పొడవాటి నడుం. ముందుకు వేలాడే చెవులు..."

అక్కడ ఆగింది. ఎంత పొడవు చెవులు? పుస్తకంలో లేదు. వెనక బెంచీవాళ్లు సరిగ్గా అదే అడుగుతారు. 'తెలీదు' అనాల్సి వస్తే డిక్షనరీకి తల కొట్టేసినట్టే.

ఫారంలో లాండ్రేస్ ఒక్కటే ఉంది, చివరి గదిలో. ఆరు రోజుల కిందట పదకొండు పిల్లల్ని పెట్టింది. అందరూ దాన్ని 'అత్తగారు' అంటారు. ఎందుకంటే ఆ గదిలోకి ఎవరు వెళ్లినా ముందు బయట నిలబడి, "అత్తగారూ, వస్తున్నానండీ!" అని గట్టిగా చెప్పాలి. అది ఊకొట్టాకే గడియ తీయాలి. పాతికేళ్లుగా పందులకు మేత పెడుతున్న బాబాయి కూడా ఈ మర్యాద తప్పడు. డిక్షనరీకి మాత్రం ఇదంతా పెద్దవాళ్ల వేళాకోళం అనిపించేది. పందికి గారూ, అండీనా!

అత్తగారు గది మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. 'పిలిస్తే కదులుతుంది. కదిలితే కొలవడం కుదరదు' అనుకుంది డిక్షనరీ. చెప్పులు విప్పేసి, స్కేలు పట్టుకుని, పిల్లిలా లోపలికి వెళ్లింది. మెల్లగా చెవి పట్టుకుంది.

అంతే! షెడ్డు అదిరిపోయేలా అరిచింది అత్తగారు. గిర్రున తిరిగింది. నీళ్ల బకెట్ ఎగిరి పడింది. పిల్లలు తలో దిక్కూ పరిగెత్తాయి. వాటిలో ఒకటి కీచుమంది. డిక్షనరీ ఎలా బయటపడిందో తనకే తెలీదు.

అమ్మ, బాబాయి పరిగెత్తుకొచ్చారు.

"నీకేమైనా తగిలిందా?"

"నాకేం కాలేదమ్మా. ఆ పంది పిల్లకే..."

అమ్మ కుంటుతున్న పిల్లని లోపలికి వెళ్లకుండానే పొడవాటి కర్ర ఉన్న పారతో ఒడుపుగా తలుపు దగ్గరికి జరిపి, చేతుల్లోకి తీసుకుంది. కాలు నొక్కి చూసింది. "విరగలేదు, బెణికింది. అసలేం చేశావు?"

"చెవి కొలుద్దామని..."

"పిలిచి వెళ్లావా?"

"పిలిస్తే కదులుతుందని..."

"ఆ చెవులు కళ్ల మీదకి పడి ఉంటాయి తల్లీ," అన్నాడు బాబాయి. "ఎదురుగా ఏముందో దానికి సరిగ్గా కనపడదు. దానికి మనమంటే మన గొంతే. చప్పుడు లేకుండా వచ్చి చెవి పట్టుకుంటే నువ్వు మాత్రం కెవ్వుమనవా?"

'వేలాడే చెవులు' అని నూటొక్కసార్లు అప్పజెప్పింది డిక్షనరీ. వాటి వెనక నుంచి లోకం ఎలా కనిపిస్తుందో ఒక్కసారీ అనుకోలేదు. చాలా సిగ్గేసింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అత్తగారు పడుకోవడం లేదు. పడుకుంటేనే పిల్లలు పాలు తాగగలవు. గంటగంటకీ తాగే పిల్లలు రెండు గంటలుగా ఆకలితో ఏడుస్తున్నాయి. అమ్మ పిలిచినా, బాబాయి పిలిచినా అత్తగారు గోడ వైపు తిరిగి గుర్రుమంటోంది.

"ఇలాగే ఉంటే చిన్నవి నీరసించిపోతాయి," అంది అమ్మ. ఆమె గొంతులో భయం విని డిక్షనరీకి ఏడుపొచ్చింది.

"నేను ఇక్కడ కూర్చోనా అమ్మా? లోపలికి వెళ్లను. మాట్లాడతానంతే."

అమ్మ కుంటి పిల్లని గుడ్డలో చుట్టి డిక్షనరీ ఒళ్లో పెట్టింది. బాబాయిని తీసుకుని షెడ్డు గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

"అత్తగారూ, ఇందాక వచ్చింది నేనేనండీ," అంది డిక్షనరీ. "దొంగలా వచ్చాను. తప్పయిపోయింది. నాకన్నీ తెలుసని అందరూ అంటారు. మీ గురించి మాత్రం ఏమీ తెలీదండీ..."

వెనక బెంచీ గురించి చెప్పింది. టీచర్ గురించి చెప్పింది. గొంతు ఎండిపోయినా ఆపలేదు. చాలాసేపటికి అత్తగారు గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఒక అడుగు వేసింది. మోకాళ్లు మడిచి మెల్లగా పక్కకి ఒరిగింది. పది పిల్లలూ పొట్ట మీద పడ్డాయి!

ఒళ్లోది గింజుకుంటోంది. ఇప్పుడు తలుపు తీస్తే రెండే అడుగులు. డిక్షనరీ అమ్మ వైపు చూసింది. అమ్మ తలూపింది.

"అత్తగారూ, వస్తున్నానండీ."

జవాబు లేదు. గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. పిల్ల కీచుమంది. అయినా కదల్లేదు.

"మీ పాపని తీసుకొస్తున్నానండీ."

పెద్ద చెవి ఒకటి కదిలింది. "ఊఁ" అంది అత్తగారు.

డిక్షనరీ లోపలికి వెళ్లి, పిల్లని గడ్డి మీద దించింది. అది కుంటుకుంటూ వెళ్లి, ఇద్దరు అన్నల్ని ముక్కుతో నెట్టేసి, చోటు చూసుకుని పాలు తాగడం మొదలుపెట్టింది.